ఏవగింపు లేని ఎన్నిక

రేవుసీమ రాష్ట్రానికి లోక్‌సభలో ఉన్నది ఒకే ఒక్క సీటు. గోదావరి పాయలకీ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న చిన్న రాష్ట్రం అది. ఒక చివర బస్సెక్కితే కునుకు పట్టేలోపు రెండో చివర వచ్చేస్తుంది. అందుకని అక్కడ ఎంపీ అంటే ఎక్కడో ఢిల్లీలో ఉండే పెద్దమనిషి కాడు. ఆయన ఏం తిన్నాడో, ఎవరిని తిట్టాడో, ఎవరి గట్టు జరిపాడో సాయంత్రానికల్లా రాష్ట్రమంతటికీ తెలిసిపోతుంది.

బాపినీడి సంగతి అలాగే అందరికీ తెలుసు. ఆయన రెండుసార్లు ఆ సీట్లో కూర్చున్నాడు. కూర్చున్నాడు అంటే కూర్చోవడమే. పదేళ్ళలో రేవుసీమ గురించి సభలో ఒక్క ముక్క మాట్లాడలేదు. ఊళ్ళో మాత్రం రేవులన్నీ ఆయనవే, లాంచీలన్నీ ఆయనవే, ఇసుకంతా ఆయనదే. మనుషులతో మాట్లాడేటప్పుడు పళ్ళు కుట్టుకుంటూ మాట్లాడతాడు. పుల్ల నోట్లోంచి తీసి, దాని కొస చూసుకుని, మళ్ళీ నోట్లో పెట్టుకుని అప్పుడు జవాబిస్తాడు.

రెండేళ్ళ కిందట, వరద రోజుల్లో, ఆయన లాంచీ ఒకటి నడిపాయలో బోల్తా పడింది. జనం మరీ ఎక్కువైపోయారని లాంచీ నడిపే సరంగు వీరభద్రం ఇంజను ఆపేసి ఒడ్డుకి దిగిపోతే, బాపినీడి మనుషులు చొక్కా పట్టుకుని మళ్ళీ ఎక్కించారు. బతికి బయటపడ్డ కొద్దిమందీ ఈ మాటే చెప్పారు. పెళ్ళివారూ, బడిపిల్లలూ, సంతకి వెళ్ళే ఆడవాళ్ళూ పోయారు. వీరభద్రం కూడా పోయాడు. మర్నాడు బాపినీడు కెమెరాల ముందు నిలబడి, "సరంగు తాగున్నాడండి. తాగుబోతుని నమ్మి బంగారం లాంటి లాంచీ పోగొట్టుకున్నాను" అన్నాడు. ఆ రోజు ఆయన కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. లాంచీ కొత్తది మరి.

వీరభద్రం కల్లు వాసనకే తలనొప్పి తెచ్చుకునే మనిషి. ఆ మాట రేవులో ప్రతివాళ్ళకీ తెలుసు. ఆనాటి నుంచి బాపినీడంటే రాష్ట్రం మొత్తానికి ఒళ్ళు జలదరించేది. టీ కొట్లో టీవీ మీద ఆయన ముఖం కనబడితే గ్లాసులు పక్కన పెట్టేవారు. గోడల మీద ఆయన బొమ్మ అంటించిన పూటే పేడ పడేది. కోపమైతే చల్లారుతుంది, భయమైతే అలవాటవుతుంది. ఇది ఆ రెండూ కాదు. కూరలో బొద్దింకని చూసినట్టు చూసేవారు ఆయన్ని.

వీరభద్రం భార్య మాణిక్యం అంగన్‌వాడీ టీచరు. ఎన్నికల ప్రకటన రాగానే ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, ఇండిపెండెంటుగా నామినేషన్ వేసింది. ఆమెకి కుట్టుమిషను గుర్తు వచ్చింది. మొదటి సభ చేపల మార్కెట్ ఎదురుగా పెట్టారు. మైకు పట్టుకోవడం కూడా రాదామెకి.

"ఢిల్లీ ఎలాగుంటాదో నాకు తెలీదండి" అంది. "ఇంగిలీసు రాదు. ఒకటి మాత్రం తెలుసు. సచ్చిపోయినోడి మీద అబద్ధం ఆడినోడు మన పేరు సెప్పుకుని ఆ కుర్చీలో కూకోకూడదండి. అంతేనండి."

జనం చప్పట్లు కొట్టలేదు. చాలామంది ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. జనంలో వెనకగా ఉన్న ఆమె చెల్లెలు హైమవతికి అక్క గెలుస్తుందని ఆ క్షణానే అనిపించింది.

హైమవతి రేవుపేట మెడికల్ కాలేజీని ఆనుకుని ఉన్న పరిశోధనశాలలో పనిచేస్తుంది. ఎన్నికలకి ముందు చాలాకాలంగా ఆమె ఒక మందు మీద పడి ఉంది. దాని పేరు సహన.

ఆ మందు పుట్టింది కాలిన గాయాల వార్డులో. ఒళ్ళు కాలిన మనిషి దగ్గరికి సొంతవాళ్ళే రాలేరు. ప్రేమ ఉంటుంది, కానీ ఆ వాసన తగలగానే కడుపులో దేవుతుంది, కాళ్ళు వెనక్కి పడతాయి. మంచం మీది మనిషి అది చూస్తుంది. గాయం కంటే ఆ చూడటమే చాలామందిని చంపుతుందని హైమకి నర్సులు చెప్పారు. మెదడులో ఏవగింపు పుట్టే చోటుని కొన్నాళ్ళు నిద్రపుచ్చే ఆవిరిని తయారుచేసింది హైమ. ముక్కుతో పీలిస్తే చాలు.

మొదట సింహాద్రి అనే మేస్త్రీకి ఇచ్చారు. స్టవ్ పేలి అతని భార్య మెడ నుంచి నడుము దాకా కాలిపోయింది. వారమైనా అతను గుమ్మం దాటి లోపలికి రాలేకపోయాడు. ఆవిరి పీల్చిన కాసేపటికి మామూలుగా నడిచి వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. అన్నంలో పప్పు కలిపి ముద్దలు చేసి భార్య నోట్లో పెట్టాడు. ఆమె నమలడం మానేసి అతని ముఖమే చూస్తూ ఉండిపోయింది. నర్సు పక్కకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది.

డైరెక్టరు సోమశేఖరం కూడా అక్కడే ఉన్నాడు. ఆయన చూస్తున్నది వేరు. సింహాద్రి చీము అంటిన గుడ్డని పక్కకి నెట్టి, ఆ చేత్తోనే మిగిలిన అన్నం తనూ తినేశాడు.

"మోతాదు ఇంకా తగ్గించాలి సార్" అంది హైమ కంగారుగా. "ఏవగింపు అసలు లేకపోతే మనిషి కుళ్ళింది కూడా తినేస్తాడు."

"గాయాల విషయంలోనేనా, మనుషుల విషయంలో కూడానా?" అని అడిగాడు సోమశేఖరం.

"మెదడులో రెండింటికీ ఒకటే గది సార్. కుళ్ళిన చేపని చూసినా, కుళ్ళిన మనిషిని చూసినా ముడుచుకునేది అదే చోటు."

సోమశేఖరం తల పంకించాడు. ఆ ప్రశ్న ఎందుకడిగాడో హైమకి ఆలోచన రాలేదు. ఆమె సింహాద్రి భార్యనే చూస్తోంది. జీవితంలో తను చేసిన మంచి పని ఇదేననుకుంది.

ప్రచారం ఊపందుకున్నాక దోమల బళ్ళు వచ్చాయి. వానలు పడ్డాయి, జ్వరాలు మొదలయ్యాయి, కాబట్టి ప్రజాసేవలో భాగంగా బాపినీడు సొంత ఖర్చుతో వీధి వీధికీ పొగ కొట్టిస్తున్నాడని కరపత్రాలు పంచారు. ఆ బళ్ళ మీద కూడా ఆయన నవ్వుతున్న బొమ్మే. తెల్లటి పొగ, కాస్త సంపెంగ వాసన. పిల్లలు కేకలు వేస్తూ వెనకాల పరిగెత్తేవారు. మాణిక్యం ఉండే సరంగుల వీధికి ఆ బండి రోజూ రెండు పూటలా వచ్చేది. హైమ ఉండే పరిశోధనశాల క్వార్టర్లు ఊరికి దూరంగా గుట్ట మీద ఉన్నాయి. అక్కడికి ఒక్కసారీ రాలేదు.

తేడా మొదట మార్కెట్లో కనబడింది. హైమ చందువా కొందామని వెళితే, కళ్ళు లోపలికి పోయి మొప్పలు నల్లబడిన చేపలు పైన పేర్చి ఉన్నాయి. ఈగలు ముసురుతున్నాయి. జనం మామూలుగా బేరమాడి కొనుక్కుపోతున్నారు.

"ఇది నిన్నటిది కాదు, మొన్నటిది" అంది హైమ ముక్కు మూసుకుని.

"అయ్యుంటాదమ్మా" అంది అమ్మే ఆవిడ నవ్వుతూ. "ఎవరూ ఏమనట్లేదు కదా. మా ఇంట్లోనూ అదే వండాను."

హైమ ఆ సాయంత్రం అక్క ఇంటికి వెళ్ళింది. వెళ్ళేసరికి వీధంతా పొగ. తలుపులు తీసే ఉన్నాయి. అక్కాచెల్లెళ్ళు కూర్చుని మాట్లాడుకుంటుంటే టీవీలో బాపినీడు వచ్చాడు. నోట్లో పుల్ల. "సరంగు ఆ రోజు తాగకుండా ఉంటే మన పిల్లలు బతికుండేవారండి" అంటున్నాడు. హైమ ఆయన ముఖాన్ని చూస్తూ టీ తాగింది. చొక్కా బాగా ఇస్త్రీ చేయించుకున్నాడు అనుకుంది.

తర్వాత గ్లాసు కింద పెట్టబోతూ ఆగిపోయింది. రెండేళ్ళుగా ఆ ముఖం చూస్తే ఆమెకి గొంతులో పుల్లగా పైకి తన్నేది. ఇప్పుడు అది లేదు. వెతికినా లేదు. నాలుకతో ఊడిపోయిన పన్ను ఉండే చోటు తడుముకున్నట్టు లోపల తడుముకుంది. ఖాళీ.

"అక్కా, నీకు వాడిని చూస్తే ఏమనిపిస్తోంది?"

"ఏటనిపిత్తాది?" అంది మాణిక్యం. "వోడి పాటికి వోడు మాటాడుతున్నాడు." ఆ మాట అని, తనే కొంచెం తికమకపడినట్టు నుదురు రుద్దుకుంది.

హైమ తలుపులన్నీ మూయించింది. గుమ్మం ముందు పొగ పడిన అరటాకు ఒకటి కోసి పరిశోధనశాలకి తీసుకెళ్ళి పరీక్ష చేసింది.  ఆకు మీద ఉన్నది సహన. తను వార్డులో వాడిన మోతాదుకి ఎన్నో రెట్లు ఎక్కువ.

మర్నాడు ఉదయం డైరెక్టరు గదిలోకి తలుపు కొట్టకుండా వెళ్ళింది. లోపల సోమశేఖరం ఎదురుగా బాపినీడు కూర్చుని ఉన్నాడు. జీడిపప్పు ప్లేటు ముందుంది. వాళ్ళు కంగారైనా పడలేదు. అదే ఆమెకి అన్నిటికంటే రోతగా తోచాల్సింది. నిన్న పీల్చింది ఒంట్లో ఇంకా ఉంది కాబట్టి తోచలేదు. రోత పుట్టాల్సిన చోటు ఇది అని బుద్ధితో గుర్తుపట్టింది, అంతే.

"ఈవిడేనా కనిపెట్టింది? రండమ్మా, కూర్చోండి" అన్నాడు బాపినీడు. "మీ అక్కగారితో నాకేం తగువు లేదండి. మంచి మనిషి."

"రాష్ట్రమంతా జనానికి చెప్పకుండా మందు పీల్పిస్తున్నారా?" అని అడిగింది హైమ డైరెక్టరుని.

"ఎవరి చెయ్యీ పట్టుకుని ఓటు వేయించట్లేదు హైమా" అన్నాడు సోమశేఖరం తాపీగా. "ఎవరి నోరూ కట్టేయలేదు. ఆలోచించడానికి ఏ అడ్డూ లేకుండా చేశాం. ఏవగింపు అనేది మూఢనమ్మకం లాంటిది. అది పోతే మనిషి ప్రశాంతంగా ఆలోచిస్తాడు."

బాపినీడికి ఆ మాటలు విసుగు పుట్టించాయి. పుల్ల తీసి దాని కొస చూసుకున్నాడు. "అంత చదువు నాకు లేదండి డాక్టరుగారూ. నాకు తెలిసింది ఒకటే. జనం నన్ను ప్రేమించాలని నేనెప్పుడూ అనుకోలేదు. వాళ్ళ ప్రేమ ఎవడిక్కావాలి? నన్ను చూసి వాంతి చేసుకోకుండా ఉంటే చాలు. ఆ తర్వాత ఒక చీర, ఒక బిర్యానీ పొట్లం, నాలుగు నవ్వులు. మిగతాది నేను చూసుకుంటాను. పశువుని నీళ్ళ తొట్టి దాకా తోలడం నాకు కొత్తేంకాదు."

ఓటర్ల గురించి ఇలా మాట్లాడే మనిషికి వాళ్ళ ముందు చేతులు జోడించడం ఎలా వస్తుందో హైమకి అర్థం కాలేదు. బాపినీడికి మాత్రం ఆ రెండూ వేర్వేరు పనులు కావు.

ఆయన వెళ్ళిపోయాక సోమశేఖరం గొంతు తగ్గించాడు. బళ్ళు ఈ రోజే ఆపిస్తానన్నాడు. ఆమె బయట నోరు విప్పితే సహనని పూర్తిగా నిషేధిస్తారని, వార్డులో సింహాద్రి భార్య లాంటి వాళ్ళకి మళ్ళీ గుమ్మం దగ్గర నిలబడే మొగుళ్ళే మిగులుతారని అన్నాడు. కాలిన గాయాలకి ప్రత్యేకంగా ఒక ఆసుపత్రి కట్టడానికి బాపినీడు ఒప్పుకున్నాడని, దానికి ఆమే పెద్ద అని చెప్పాడు. "ఒక్క వారం ఆగు. నేనే అన్నీ సర్దుతాను."

హైమ ఆగింది. బళ్ళు ఆగాయో లేదో గుట్ట దిగి చూడలేదు. చూస్తే ఏదో ఒకటి చేయాల్సి వస్తుందని ఆమెకి తెలుసు. రోజూ అక్కకి ఫోన్ చేసేది. అన్నం తిన్నావా అని అడిగేది. కిటికీలు మూసుకో, దోమలట అని చెప్పేది. వారం తిరక్కుండానే ఆమె ఒంట్లోంచి మందు పోయింది. సోమశేఖరం కారిడార్లో ఎదురైతే కడుపులో తిప్పడం మొదలైంది. అయినా ఇంకో రెండు రోజులు చూద్దాం అనుకుంది.

పోలింగుకి ముందు టౌన్ హాల్లో అభ్యర్థులందరితో ముఖాముఖి పెట్టారు. హైమ ముఖానికి మాస్కు కట్టుకుని వెళ్ళింది. హాలు బయట దోమల బండి నిలబడి ఉంది. ఇంజను తిరుగుతూనే ఉంది. లోపల కాస్త సంపెంగ వాసన.

స్టేజీ మీద నలుగురు అభ్యర్థులు. జనం అడిగిన ప్రశ్నలకి బాపినీడు నవ్వుతూ జవాబిచ్చాడు. రోడ్లు ఎందుకు లేవంటే వాన అన్నాడు. ఇసుక ఎక్కడికి పోతోందంటే సముద్రం అన్నాడు. నిరుడైతే ఆ జవాబులకి కుర్చీలు లేచేవి. ఇప్పుడు అందరూ సినిమా హాల్లో ఇంటర్వెల్‌కి ముందు కూర్చున్నట్టు కూర్చున్నారు.

అప్పుడాయన మాణిక్యం వైపు తిరిగాడు. "మా చెల్లెమ్మ నా మీద కోపంతో ఉందండి. నేను అర్థం చేసుకోగలను. కానీ ఒక్క మాట అడుగుతాను. ఆ రోజు మీ ఆయన తాగి ఉండొచ్చు కదమ్మా? మీరు లాంచీలో లేరు కదా?"

హాలంతా మాణిక్యం వైపు చూసింది. హైమ ముందు కుర్చీ గట్టిగా పట్టుకుంది. ఈ ప్రశ్నకి అక్క రెండేళ్ళ క్రితమే ఎస్పీ ఆఫీసు ముందు జవాబు చెప్పింది. ఆ జవాబుకి ఒక పోలీసాయన తల దించుకున్నాడు.

 మాణిక్యం, ఏదో అక్కడే పెట్టి మర్చిపోయిన వస్తువు కోసం చూసినట్టు టేబిలు మీదికి చూసింది.

"అయ్యుండొచ్చండి" అంది.

"అద్దీ" అన్నాడు బాపినీడు. తను సగం తాగిన మజ్జిగ గ్లాసు ఆమె ముందుకి జరిపాడు. "ఎండలో తిరిగి తిరిగి నీరసపడ్డారు. తాగండమ్మా." మాణిక్యం ఆ గ్లాసు తీసుకుని తాగింది. ఫొటోగ్రాఫర్లు ముందుకి వచ్చారు. ఎవరో చప్పట్లు కొట్టారు. తర్వాత అందరూ కొట్టారు.

హాలు బయట ఆటోలో హైమ అక్క భుజాలు పట్టుకుంది. "అక్కా, బావ తాగేవాడా?"

"ఎప్పుడూ లేదు. నీకు తెలీదా?"

"మరి అలా ఎందుకన్నావ్?"

"అంతమందిలో అంత పెద్దాయన అడుగుతుంటే కాదనడం ఎందుకని..." మాణిక్యం ఆగింది. "నాకేటీ అనిపించలేదే హైమా. మీ బావ మాటొచ్చినా ఏటీ అనిపించలేదు. మనిషి అలసిపోతే ఇలాగుంటాదేటి?"

ఆ మాట విన్నాక హైమ ఇక ఆగలేకపోయింది. మర్నాడు ప్రెస్‌క్లబ్బులో కూర్చుని అంతా చెప్పింది. మందు ఏమిటో, ఎవరు తయారుచేశారో, ఎవరు అమ్మారో, ఎవరు కొన్నారో చెప్పింది. పరీక్ష ఫలితాలు చూపించింది. తనకి ఎప్పుడు తెలిసిందో మాత్రం చెప్పలేదు. విలేకరులు శ్రద్ధగా రాసుకున్నారు. ఒకతను చెయ్యెత్తాడు.

"అయితే దీనివల్ల దోమలు కూడా పోతాయాండీ?"

ఆమె చెప్పింది పేపర్లలో వచ్చింది. రాష్ట్రమంతా చదివింది. చదివి మడిచి, దాంట్లో పకోడీలు కట్టుకుంది. కుళ్ళు ఒకటి బయటపడితే మనిషికి వచ్చే రోత వాళ్ళకి రాలేదు. రావాల్సిన చోటు నిద్రపోతోంది. బస్టాండులో ఒక పెద్దాయన హైమని గుర్తుపట్టి ఎంతో మర్యాదగా అన్నాడు, "చదివానమ్మా. అయితే ఏమైందండీ ఇప్పుడు? అందరూ ఏదో ఒకటి చేసేవాళ్ళే కదా."

హైమ మాస్కుతోనే బళ్ళ దగ్గరికి వెళ్ళి అడ్డం పడుకుంటే పోలీసులు పక్కకి లాగేశారు. ఎన్నికల అధికారులు ఫిర్యాదు తీసుకుని రసీదు ఇచ్చారు. వాళ్ళ ఆఫీసు ముందు కూడా పొగ కొట్టారు.

పోలింగు రోజున వరసలు క్రమంగా, ప్రశాంతంగా నడిచాయి. రేవుసీమ చరిత్రలో అంత శాంతంగా ఎన్నిక ఎప్పుడూ జరగలేదని టీవీ వాళ్ళు మెచ్చుకున్నారు. లాంచీలో పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులు కూడా వచ్చి ఓటేశారు. ఆ వారమే ప్రభుత్వాసుపత్రి నిండిపోయింది. పాచిపట్టిన నీళ్ళు తాగి, పులిసిన కూరలు, కుళ్ళిన రొయ్యలు తిన్నవాళ్ళు చాపల మీద పడుకున్నారు. కొందరు చిన్నపిల్లలు ఇంటికి తిరిగి వెళ్ళలేదు. ఆ పిల్లల పేర్లు ఎవరి ఎన్నికల ప్రసంగంలోనూ రాలేదు.

బాపినీడు ఇంతకు ముందెన్నడూ లేనంత ఆధిక్యంతో గెలిచాడు. సరంగుల వీధి బూతులో కూడా ఆయనదే పైచేయి.

గెలిచాక బళ్ళు ఆగిపోయాయి. అవసరం తీరింది కదా, ఇంకా డబ్బు తగలేయడం దేనికి? ఎండలు కాశాయి, గాలి మారింది, జనం ముక్కులు మెల్లమెల్లగా తెరుచుకున్నాయి. మార్కెట్లో ఒక ఉదయం ఒకావిడ చేపల గంప దగ్గరికి వచ్చి అక్కడే కక్కుకుంది. తర్వాత ఇంకొకరు. బుట్టలకి బుట్టలు తీసుకెళ్ళి పాయలో పారబోశారు. ఇళ్ళల్లో గిన్నెలు తోమిందే తోమారు. వారం రోజులు రేవుసీమ మొత్తం ముఖం కడుక్కుంటూనే ఉంది.

ఇప్పుడు జనం లేస్తారని హైమ అనుకుంది. ఇప్పుడు చెబితే వింటారని మళ్ళీ మార్కెట్ ఎదుట నిలబడి చెప్పింది. మీతో మందు పీల్పించి ఓటు వేయించుకున్నాడని చెప్పింది.

లేచారు. కాకపోతే ఆమె మీదికి.

"అంటే మేం బుర్రలేనోళ్ళమనా?" అని అరిచాడు ఒక చేపల వ్యాపారి. "నా ఓటు నేను ఆలోసించే ఏశాను. పొగా లేదు, మసీ లేదు."

"మాకు తెలీకుండా మాతో ఓటేయించడానికి మేమేవన్నా గొర్రెలమా?" అంది చేపల ఆవిడ. మొన్నటి చందువా ఇంటిల్లిపాదికీ వండిపెట్టింది ఈమే. "ఎంపీగారు రోడ్డేయిత్తానన్నారు. అందుకేశాం."

రోడ్డు వేయిస్తానని ఆయన ఎక్కడా అనలేదు. వాళ్ళే కల్పించుకున్నారు. తమని ఒకడు వెర్రివాళ్ళని చేశాడని ఒప్పుకోవడం కంటే, ఆ ఒకడు మంచివాడని నమ్మడం వాళ్ళకి తేలిక. కొంతమంది ఆయన బొమ్మకి కొత్తగా దండలు కూడా వేశారు. మందు బలవంతంగా చేయించిన పనిని ఇప్పుడు మందు లేకుండా ఇష్టంగా చేస్తున్నారు. ఒక కోడిగుడ్డు వచ్చి హైమ చెవి కింద పగిలింది. అది కుళ్ళినది. దాన్ని విసిరినవాడు వాసనకి ముక్కు మూసుకున్నాడు.

సోమశేఖరం ఆమెని ఉద్యోగంలోంచి తీసేశాడు. కాలిన గాయాల ఆసుపత్రికి శంకుస్థాపన రాయి కూడా పడలేదు. వార్డులో సహన వాడకం ఆగిపోయింది. సింహాద్రి మాత్రం మందు లేకుండానే రోజూ వచ్చి, గుమ్మం దగ్గర ఒకసారి ఆగి, గట్టిగా ఊపిరి తీసుకుని లోపలికి వెళుతున్నాడని నర్సు ఫోన్లో చెప్పింది. 

ఆ కబురు విన్నాక హైమ అక్క దగ్గరికి బయలుదేరింది. ఎన్నికయ్యాక మాణిక్యం ఎవరికీ కనబడలేదు. ఫోను ఎత్తలేదు. అందరికంటే ఎక్కువ పొగ పీల్చింది ఆమే, అందుకే అందరికంటే ఆలస్యంగా తెలివి వచ్చింది.

పెరట్లో తొట్టి దగ్గర మాణిక్యం ఉప్పుతో నోరు తోముకుంటోంది. చిగుళ్ళ నుంచి రక్తం వస్తోంది. చెల్లెల్ని చూసి ఉమ్మేసి నోరు కడుక్కుంది.

"మూడ్రోజుల్నించీ ఇదే పని" అంది. "కడుపులో ఏటీ లేదు, అయినా డోకొత్తానే ఉంది. వోడి ఎంగిలి తాగానే హైమా. నా నోటితో నేను మీ బావని తాగుబోతన్నాను. అందరి ముందూ."

"నువ్వు కాదక్కా. మందు."

"పేపరు సదివాను. ఇప్పుడు బుర్రకెక్కింది." మాణిక్యం కొంగుతో ముఖం తుడుచుకుంది. "లాయరుగారు వచ్చారు. ఓడిపోయినోళ్ళు హైకోర్టులో కేసు ఏయొచ్చంట, ఈ ఎన్నిక సెల్లదని. సాచ్చికం కావాలన్నారు."

"నేను చెప్తాను. అంతా చెప్తాను."

"నీ మీదకీ వత్తాదేమో."

"వస్తుంది. మందు నాది. జైలు పడినా పడుతుంది."

మాణిక్యం తల ఊపింది. చెల్లెలి చెయ్యి పట్టుకోబోయి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది.

"ఆ పొగ సంగతి నీకు ఎప్పుడు తెలిసిందే?"

తను నోరు మూసుకున్న ఆ వారం గురించి తెలిసినవాళ్ళు ఇంకో ఇద్దరే ఉన్నారు. సోమశేఖరమూ, బాపినీడూ ఎప్పటికీ చెప్పరు. టౌన్ హాలు బయట బండి చూశాకే తెలిసిందని అంటే అక్క నమ్ముతుంది. హైమ ఆ మాట నాలుక దాకా తెచ్చుకుంది.

"టౌన్ హాలు సభకి వారం ముందు" అంది.

"వారం."

"ఆపుతానన్నాడక్కా. ఆసుపత్రి కడతానన్నాడు. వార్డులో వాళ్ళని తలుచుకుని..."

"ఆ వారం రోజూ ఫోన్ సేశావ్ నువ్వు" అంది మాణిక్యం మెల్లగా. "అన్నం తిన్నావా అక్కా అని అడిగావ్. కిటికీలు ముయ్యమన్నావ్, దోమలన్నావ్."

 పెరటి గోడ అవతల ఎవరో బట్టలు ఉతుకుతున్న చప్పుడు వస్తోంది.

మాణిక్యం ఆమెనే చూస్తోంది. ముక్కుపుటాలు బిగుసుకున్నాయి. పై పెదవి ఒక పక్కకి ముడుచుకుంది. తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేసింది. హైమ ఇన్నేళ్ళూ ఎంతోమంది ముఖాల్లో వెతికి, కొలిచి, అణచడానికి మందు కనిపెట్టింది ఆ ముడుచుకోవడాన్నే.

"కోర్టుకి రా" అంది మాణిక్యం. "సెప్పాల్సిందంతా సెప్పు, నీ వారంతో సహా. నేనూ అక్కడే ఉంటాను. ఇక్కడికి మాత్రం రాకు."

అక్క ఒంట్లో మందు ఒక్క చుక్క కూడా మిగల్లేదని హైమకి తెలిసింది. ఏడుపూ, సంతోషమూ ఒకేసారి వచ్చాయి. పెరటి తలుపు తీసుకుని వీధిలోకి వచ్చి, లాయరు ఇల్లు ఎటో అడిగి, అటు నడిచింది.